శుక్రవారం స్పీడు

జగిత్యాల బస్టాండుకు ఎదురుగా ఒక పెద్ద బోర్డు ఉంది. దాని మీద సోఫాలో నలుగురు కూర్చుని ఉంటారు: భర్త, భార్య, కొడుకు, కూతురు. కరెంటు పోవడం అంటే ఏమిటో జన్మలో తెలియనట్టు నవ్వుతుంటారు. వాళ్ల తలల మీద మనిషంత ఎత్తున ‘100’ అని ఉంటుంది. అది ఇంటర్నెట్ స్పీడట. చివరి సున్నా పక్కన కళ్లు చికిలించి చూస్తే ‘వరకు’ అనే చిన్న మాట కనిపిస్తుంది. అక్కడి కాలేజీలో లెక్కలు చెప్పి, సాయంత్రం కోరుట్ల బస్సు కోసం నిలబడే నాకు రోజూ ఆ బోర్డే కాలక్షేపం. అన్ని రోజులు చూసి కూడా ఆ ‘వరకు’ను నేను పట్టించుకోలేదు. మా పిల్లవాడెవడైనా “వంద వరకు మార్కులు తెస్తాను మేడం” అని మాట ఇచ్చి పన్నెండు తెస్తే వాడు మాట తప్పినట్టా, తప్పనట్టా? లెక్క ప్రకారం తప్పనట్టే. ఈ తెలివి నాకు వైఫై పెట్టించుకున్నాకే వచ్చింది.

పెట్టించింది బాపు కోసం, అంటే మా నాన్న కోసం. మా బాపు కువైట్‌లో ఉంటాడు. అక్కడ శుక్రవారం సెలవు. ఆ రోజు మాకు పొద్దు వాలే వేళకు ఫోన్ చేస్తాడు. బాపు పెద్దగా మాట్లాడే మనిషి కాదు. “ఫోన్ గా గూట్ల పెట్టుండ్రి, మీ పని మీరు చేసుకోండ్రి” అంటాడు. మేం వసారా గోడలో ఉన్న గూట్లో ఫోన్ నిలబెడతాం. అమ్మ ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చేస్తుంటుంది. తునికాకు కత్తిరించడం, తంబాకు పొయ్యడం, చుట్టడం, దారం కట్టడం, బాపు అవన్నీ చూస్తూ అక్కడ తన మంచం మీద ఒరిగి ఉంటాడు. నేను పేపర్లు దిద్దుకుంటాను. ఒక గంటసేపు ఆయన ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది. ఫోన్ డేటాతో ఆ బొమ్మ మాటిమాటికీ ఆగిపోతోందని బోర్డు వాళ్లను పిలిచి వైఫై పెట్టించాను.

వైఫై వచ్చాక బాపు మాకు అద్దంలో చూసినట్టు కనిపించాడు. మీసంలో తెల్ల వెంట్రుకలు కూడా తెలిశాయి. అమ్మ మురిసిపోయింది. బాపు మాత్రం మొహం చిట్లించి, “ఏందే, నీ చెయ్యి ఇందాకటి సంది చాటలనే ఉన్నది? కదులుతలేవు” అన్నాడు.

“నాకు నువ్వు మంచిగనే కనవడ్తున్నవ్. నీకేమైంది? కండ్ల డాక్టరుకు చూపించుకో” అంది అమ్మ.

ప్రతి శుక్రవారం ఇదే తగాదా. ఆయన మాకు కనిపిస్తాడు, మేం ఆయనకు ఫోటోలా బిగుసుకుపోతాం. మిగతా రోజుల్లో ఏ లోపమూ లేదు. నాకు ఒళ్లు మండి, కంపెనీ వాళ్లకు ఫోన్ మీద ఫోన్ చేస్తే సోమవారం పొద్దున వైఫై ఆయన వచ్చాడు. తన ఫోన్‌లో స్పీడు కొలిచి నా మొహం ముందు పెట్టాడు.

“ఇగో అక్కా, తొంభై ఆరు. వంద అన్నం, తొంభై ఆరు అస్తున్నది. ఇంకేం గావాలె?”

“మరి మా బాపుకు మేమెందుకు కనవడ్తలేం?”

“గిది ఇంట్లకు అచ్చే స్పీడు అక్కా. మీ బొమ్మ గాయినకు పోవాలంటే ఇంట్లకెళ్లి బయటికి పోయే స్పీడు గావాలె. గది వేరే. గది జర తక్కువుంటది.”

“గా ముచ్చట బోర్డు మీద ఎందుకు రాయలే?”

“ఎవలడుగుతరక్కా?” అన్నాడు అమాయకంగా. నిజమే, ఆ సోఫా మీది నలుగురికి దేని అవసరమూ లేదు. అన్నీ వాళ్ల దగ్గరికే వస్తాయి, వాళ్ల దగ్గర్నుంచి ఎక్కడికీ ఏమీ పోనక్కర్లేదు. మా కోరుట్లలో మాత్రం ప్రతి ఇంటికీ బయటికి పంపాల్సిందే ఎక్కువ.

ఆయన మళ్లీ ఫోన్‌లోకి తొంగి చూసి, “ఇంట్ల ఎంతమంది ఉంటరు?” అని అడిగాడు.

“అమ్మ, నేను. ఇద్దరమే.”

“ఇద్దరికి గిన్ని ఫోన్లా? శుక్రారం శుక్రారం మీ వైఫైకి పెండ్లింటి లెక్క తాకిడి ఉన్నది.”

అమ్మ హఠాత్తుగా తునికాకులు సర్దే పనిలో పడిపోయింది.

సంగతి ఏమిటంటే, వైఫై వచ్చిన వారమే అమ్మ దాని పాస్‌వర్డు వాడంతా పంచిపెట్టింది. మా వసారాలో అమ్మతో కలిసి బీడీలు చేసే పక్కింటి చిన్నమ్మ, ఎదురింటి వదిన, ఇంకో నలుగురైదుగురు, అందరి భర్తలూ గల్ఫులోనే. అందరికీ శుక్రవారమే సెలవు. నేను గదిలో పేపర్లు ముందేసుకుని కూర్చుంటే వసారాలో ఎవరి చాటకు వాళ్లు ఫోన్ ఆనించుకుని ఒకేసారి మాట్లాడేవారు. చిన్నమ్మ తన భర్తను తిడితే వదిన భర్త ఉలిక్కిపడి “ఏమైంది?” అనేవాడు. ఆ గోల ఎప్పుడూ ఉండేదే అనుకున్నాను గానీ, అదంతా మా గోడకున్న ఆ చిన్న డబ్బాలోంచే పోతోందని నాకు తట్టలేదు.

“ఇయ్యాల్నే పాస్‌వర్డు మారుస్త” అన్నాను.

“మార్చు. మార్చి, వాళ్లకు నువ్వే చెప్పు” అంది అమ్మ. “శుక్రారం నీ బాపుకొక్కనికే ఉన్నదా? వాళ్ల మొగోళ్లకు లేదా?”

నాకు కోపం వస్తే నోరు ఆగదు. ఆ రోజు మాత్రం చెప్పులేసుకుని బస్సుకు పోయాను. పాస్‌వర్డు అలాగే ఉంది.

అలా నడుస్తుండగా నాకు సిరిసిల్ల సంబంధం కుదిరింది. వాళ్లకు సాంచాలున్నాయి, అంటే మరమగ్గాలు. అబ్బాయి నెమ్మదస్తుడు. నిశ్చితార్థానికి బాపుకు సెలవు దొరకలేదు, పెళ్లికి మాత్రమే ఇస్తామన్నారట. బాపు ఒక్కటే కోరాడు. “ముహూర్తం శుక్రారం పెట్టియ్యుండ్రి. ఉంగురం తొడిగేటప్పుడు నా బిడ్డను నేను చూడాలె. ఫోటో గాదు, మనిషిని చూడాలె.”

మొత్తం వారంలో మా ఇంటి వైఫై కూలబడేది శుక్రవారమే. వైఫై ఆయన్ను మళ్లీ పిలిచాను. మూడు వందల స్పీడు ప్లాను ఉందన్నాడు. అదీ ‘వరకే’. బయటికి పోయే స్పీడు సంగతి అడిగితే, “మీ వాడ లైనే గంత అక్కా. అబద్ధం చెప్పి ఏం జేస్త?” అన్నాడు. నిజం చెప్పినందుకు ఆయనకు చాయ్ ఇచ్చి పంపాను. ఆడవాళ్లను అడగాలనిపించింది గానీ, నోరు రాలేదు. వారమంతా ఎదురు చూసే ఫోన్‌ను మాకోసం మానుకొమ్మని ఏ మొహంతో అడుగుతాం? అమ్మా అడగలేదు. లోపల మాత్రం నాకు ఒకటే గుబులు. బాపు అంతదూరంలో కూర్చుని, పీటల మీద బిగుసుకుపోయిన నా బొమ్మను చూస్తాడేమోనని.

ఆ శుక్రవారం ఆడవాళ్లంతా పొద్దున్నే వచ్చి వంటలో చెయ్యి వేశారు. సిరిసిల్ల నుంచి చుట్టాలు రెండు బండ్లలో దిగారు. వసారాలో పీటలు వేసి, ఎదురుగా గూట్లో ఫోన్ పెట్టాం. బాపు కనిపించాడు. తల దువ్వుకుని, కొత్త చొక్కా వేసుకున్నాడు.

“బాపూ, కనవడ్తున్ననా?”

“నీ గాజులు సుత లెక్కవెట్టచ్చు బిడ్డా” అన్నాడు.

చెయ్యి ఊపి చూపించాను. ఆయనా ఊపాడు. ఎక్కడా ఆగలేదు. వైఫైకి ఇవాళ బుద్ధొచ్చిందా అని ఆశ్చర్యపోతూ పక్కకు చూస్తే, గోడవారన బీడీల చాట ఉంది. దాని నిండా ఫోన్లు. అన్నీ బంద్ చేసి, బోర్లా పెట్టి ఉన్నాయి. ఆడవాళ్లు ఉత్త చేతులతో నిలబడి నా వంక చూస్తున్నారు.

“పొద్దుగాల్నే చెప్పినం మావోళ్లకు, ఇయ్యాల చెయ్యకుండ్రని” అంది చిన్నమ్మ. “నువ్వు పీటల మీద ఏడ్వకు, కాటుక కారుతది.”

కాటుక కారింది. నేను పీటల మీది నుంచి లేచాను. పెద్దవాళ్లు “కూసో, కూసో” అంటున్నా వినకుండా గూట్లోంచి ఫోన్ తీసి వాళ్ల వైపు తిప్పాను. “బాపూ, వీళ్లను చూడు” అన్నాను.

బాపు నవ్వి, “నువ్వు వీళ్లను చూడు” అని పక్కకు జరిగాడు. వెనక రెండంతస్తుల మంచాల మీద, కిందా పైనా, ఇస్త్రీ చొక్కాలు వేసుకున్న మగవాళ్లు. చిన్నమ్మ భర్త, వదిన భర్త, మా వాడ వాళ్లు నలుగురు. వాళ్లూ కువైట్‌లోనే వేర్వేరు క్యాంపుల్లో ఉంటారు. ఫోన్ చెయ్యొద్దన్నారు గనక నిశ్చితార్థం చూద్దామని బస్సెక్కి బాపు గదికి వచ్చేశారట.

చిన్నమ్మ భర్త మంచం మీది నుంచి ముందుకు వంగి, “గా పచ్చ చీర ఎప్పుడు గొన్నవే?” అన్నాడు. ఇల్లంతా గొల్లున నవ్వింది. సిరిసిల్ల అత్తమ్మ కూడా నవ్వుతూ కొంగుతో కళ్లొత్తుకుంది. మంత్రాలు చదివే అయ్యగారు “ముహూర్తం, ముహూర్తం” అని మొత్తుకుంటే మళ్లీ పీటల మీద కూర్చున్నాను. బాపు చూస్తుండగానే ఉంగరం తొడిగారు.

చుట్టాలు తిని వెళ్లాక మేం వసారాలోనే భోజనాలకు కూర్చున్నాం. “కట్ చెయ్యకుండ్రి. మేము సుత తింటం” అన్నాడు బాపు. అక్కడ వాళ్లు పళ్లేలు పెట్టుకున్నారు, ఇక్కడ మేం విస్తర్లు వేసుకున్నాం. చాటలో ఫోన్లు ఇంకా అలాగే ఉన్నాయి. ఎవరూ తియ్యలేదు. ఒక్క ఫోన్ ముందు అందరం తింటున్నాం. నాకెందుకో సోఫాలోని ఆ నలుగురూ గుర్తొచ్చారు. పాపం, నలుగురే.

అమ్మ ముద్ద నోటి దాకా తెచ్చి ఆగి, గూటి వైపు చూసి అడిగింది.

“నేను కదులుతున్ననా?”

“కదులుతున్నవ్” అన్నాడు బాపు. “ఇంకింత కూర ఏసుకో.”