పైలట్ గురువులు

మా నాన్నని ఫిషింగ్ హార్బర్లో "పైలట్" అని వెక్కిరించినవాళ్ళ పేర్లన్నీ నాకిప్పటికీ గుర్తే. కావాలంటే వరసపెట్టి చెబుతాను. వాళ్ళలో కొందరు మొన్నామధ్య మా ఇంటికొచ్చి కాఫీ తాగి, కప్పులు బాగున్నాయని మెచ్చుకుని మరీ వెళ్ళారు. నేను మర్చిపోయాననుకున్నారు కాబోలు. నేను అంత మంచిదాన్ని కాను.

మా నాన్న పేరు గురువులు. ఇరవై రెండేళ్ళు మరబోటు మీద సరంగుగా చేశాడు. బోటు నడిపేవాణ్ణి మా జాలారిపేటలో సరంగంటారు. వల ఎక్కడ వెయ్యాలో, ఎప్పుడు తియ్యాలో, గాలి తిరిగితే ఎటు పోవాలో చెప్పేది అతనే. 2001లో వల లాగుతుంటే వలని పైకి చుట్టే మర, వించ్ తాడులో నాన్న ఎడమ చెయ్యి పడింది. మూడు వేళ్ళు పోయాయి. బొటనవేలు, చూపుడువేలు మిగిలాయి.

ఆస్పత్రి నుంచి వచ్చిన నెలకి బోటు యజమాని గవర్రాజు పలకరించడానికి వచ్చాడు. వరసకి ఇద్దరూ బావలే. యాపిల్ పళ్ళు తెచ్చాడు.

"ఒడ్డునుండు బావా. వలలు కుట్టుకో. ఒక సేత్తో స్టీరింగు పడతావు, సరే. మరి గేరు ఏటితో మారుత్తావు?" అన్నాడు.

 అతను వీధి మలుపు తిరిగాడో లేదో, మా అమ్మ గంగాలమ్మ ఆ పళ్ళన్నీ తీసుకెళ్ళి పక్కింటి మేకకి పెట్టేసింది. నా కోపం ఎవరి పోలికో మీకు అర్థమయ్యే ఉంటుంది.

వలలు కుట్టడం తక్కువ పనేం కాదు. కానీ నాన్న చేతులు వల మీద, కళ్ళు హార్బర్ నోటి మీద ఉండేవి. లోపలికొచ్చే ప్రతి బోటుకీ పెదాలు కదిలేవి. "తగ్గించు... ఇంకా తగ్గించు... ఇప్పుడు తిప్పు." వినేవాళ్ళెవరు? ఇంటికొచ్చాక ఆ ఎడమ చేతిని లుంగీ మడతలో దాచుకుని కూర్చునేవాడు. కన్నకూతురి దగ్గర కూడా దాచుకోవడం చూసి నాకు ఏడుపు, ఒళ్ళుమంట రెండూ వచ్చేవి.

2002లో నేను పనిచేసే డీటీపీ సెంటర్లో కొత్త కంప్యూటర్లు దించారు. పాతవాటిలో ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. గాజువాకలో ఉండే నా స్నేహితురాలు అనూరాధ విమానాలు నడిపే గేమ్ సీడీ ఒకటి, ఒక బటన్ పని చెయ్యని జాయ్‌స్టిక్ ఒకటి ఇచ్చింది. కొత్తగా వచ్చిన గేమ్, పాత కంప్యూటరు. బొమ్మ ఆగి ఆగి కదిలేది. అయినా మన వైజాగ్ ఎయిర్‌పోర్టు నుంచే ఎగరొచ్చని తెలిసి నాకు ఆనందం ఆగలేదు.

నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు.

"అమ్మీ, ఆ కొండేటి?"

"యారాడ కొండ నాన్నా."

"కాదు."

"కంప్యూటర్ అదే అంటోంది కదా."

"కంప్యూటరు ఎప్పుడైనా యారాడ ఎల్లిందేటి? కొండకి ముక్కుండాల. మీద లైటౌసుండాల. ఇది అరిసెలాగుంది." అని కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నాడు. ఆ రోజుకి నాకు మళ్ళీ జాయ్‌స్టిక్ దొరకలేదు.

చక్రాల విమానం నాన్నకి నచ్చలేదు. "అంత సన్నరోడ్డు మీద దిగాలా? అంత సముద్రం పక్కనెట్టుకుని?" అని విసుక్కున్నాడు. అప్పుడు గేమ్‌లో కొత్తగా చేర్చిన విమానాల వరస తీసి చూపించాను. ఒకదాని దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపాడు. దాని పొట్ట కింద రెండు పొడుగాటి పడవలున్నాయి.

"ఇది నీళ్ళ మీద దిగుద్దా?"

"దిగుతుంది నాన్నా."

"మరి బ్రేకెలాగ?"

"నీళ్ళ మీద బ్రేకుండదట."

ఏడాది తర్వాత మా నాన్న పళ్ళు కనబడేలా నవ్వాడు. "అయితే ఇది మనోళ్ళదే," అన్నాడు.

బోటుకీ బ్రేకుండదు మరి. ఎంత దూరంలో ఇంజను తగ్గిస్తే ఎక్కడికొచ్చి ఆగుతుందో తెలియడమే సరంగు పనితనం. జాయ్‌స్టిక్ అడుగున ఎడమ పక్క ఇంజను వేగం పెంచే చిన్న మీట ఉంది. కుడి చేత్తో కర్ర పట్టుకుని, ఆ మీటని మిగిలిన రెండు వేళ్ళతో నొక్కిపట్టాడు. మొదట్లో పది నిమిషాలకే చెయ్యి బిగుసుకుపోయేది. వేడినీళ్ళలో పెట్టుకుని మళ్ళీ వచ్చి కూర్చునేవాడు. వద్దంటే నా మీద అరిచేవాడు. అరవనీ. లుంగీ మడతలోంచి ఆ చెయ్యి బయటికొచ్చింది, నాకదే చాలు.

కానీ విమానం దిగమంటే దిగేది కాదు. రోజూ నీళ్ళలో మునిగేవాడు. ఎందుకో వారం దాకా నాకు అంతుపట్టలేదు. మా నాన్న నీటి రంగు చూసి దిగుతున్నాడు. ఎక్కడ లోతుందో, ఎక్కడ అల లేస్తోందో రంగుని బట్టే చెప్పగలడు కదా, పుట్టినప్పటి నుంచీ అదే అలవాటు. గేమ్‌లో సముద్రమంతా ఒకే బొమ్మ, పక్కపక్కన అతికించారు. ఆ సంగతి చెప్పాను. తెర దగ్గరికి ముఖం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది నీరు కాదు, పెయింటు. దీన్ని నమ్మినోడిది బుద్ధితక్కువ," అని ఆ రోజు నుంచి నీళ్ళని చూడ్డం మానేశాడు. కొండల్ని చూడ్డం మొదలుపెట్టాడు.

నడిసముద్రంలో మావాళ్ళకి దారి చెప్పేవి ఒడ్డునున్న కొండలే. ముందు కొండ వెనక కొండని ఎంత మింగిందో చూసి, తామెక్కడున్నారో పట్టేస్తారు. ఆ అరిసె కొండ వెనకున్న కొండని సగం మింగగానే ఇంజను తగ్గించేవాడు. పూర్తిగా మింగగానే ముక్కు కొంచెం పైకెత్తేవాడు. విమానం నీటిని తాకి, జారి, సరిగ్గా ఫిషింగ్ హార్బర్ ఉండాల్సిన చోట ఆగేది. అక్కడ హార్బర్ లేదు, ఖాళీ ఒడ్డు గీత ఉంది. నాన్న మాత్రం "కట్టేశాం" అని జాయ్‌స్టిక్ వదిలేవాడు.

ఈ సంగతి హార్బర్‌కి మోసింది మా అమ్మే. చేపల వేలం దగ్గర బుట్ట దించుతూ "మా ఇంటాయన ఇమానం నడుపుతన్నాడు," అని గొప్పలు పోయింది. ఇంకేముంది, మధ్యాహ్నానికి పేరు పెట్టేశారు. ఐసు ఫ్యాక్టరీ దగ్గర ఒకడు "పైలట్ బావా, బొంబాయి ఎల్లొద్దామేటి?" అంటే, ఇంకొకడు రెండు చేతులూ చాపి గుర్రుమంటూ వలల చుట్టూ తిరిగాడట. గవర్రాజైతే రోజూ అదే పిలుపు. నేను సైకిలు మీద వెళ్ళి ఇద్దరు ముగ్గుర్ని నోటికొచ్చినట్టు తిట్టి వచ్చాను. ఆ సాయంత్రం నాన్న నన్ను కూర్చోబెట్టాడు.

"పోర్టుకి పెద్ద ఓడొచ్చిందనుకో. దాని కెప్టెను ఎంత మొనగాడైనా తనంతట తాను లోనికి రాడు. మన పోర్టోడు లాంచీలో ఎదురెల్లి ఓడెక్కుతాడు. దాన్ని ఛానల్లోకి తెచ్చి, రేవుకి కట్టిత్తాడు. ఆయన్నేటంటారు?"

"పైలట్ అంటారు."

"మరి? తిట్టెలాగయ్యింది?"

మర్నాటి నుంచి ఎవరు "పైలట్" అన్నా "ఆఁ, సెప్పు" అని పలికేవాడు. వాళ్ళ నవ్వు సగంలో ఆగిపోయేది. అయినా పిలవడం మానలేదు.

2003 వేసవిలో, ఏటా ఉండే చేపల వేట నిషేధం వచ్చింది. బోట్లన్నీ ఒడ్డుకి కట్టి ఉన్నాయి. గవర్రాజు తన బోటుకి ఆకాశం రంగు వేయించాడు. అతని సరంగు మానేసి కాకినాడ వెళ్ళిపోయాడు. నిషేధం రేపో ఎల్లుండో ఎత్తేస్తారనగా కొత్తవాడి కోసం తిరుగుతున్నాడు. రెండేళ్ళలో ఎవర్నీ ఏమీ అడగని మా నాన్న వెళ్ళి అడిగాడు.

"కొత్తోణ్ణి ఎతకొద్దు బావా. నానున్నాను."

పదిమంది ఎదుట గవర్రాజు నవ్వాడు. "పైలట్ బావా, ఇది ఇంట్లో కూసుని ఇమానం నడిపినట్టు కాదు."

"ఇంజను ట్రయలుకి రేపు బోటు తియ్యాల కదా. నోటి బయటికెల్లి, తిప్పుకొచ్చి, జెట్టీకి కట్టిత్తాను. నువ్వూ ఎక్కు. నీ కొత్త రంగు మీద గీత పడిందా, నాను ఈ హార్బర్లో మళ్ళీ కాలెట్టను. వలలు కూడా కుట్టను."

అలా అనమని నాన్నకి ఎవరు చెప్పారు? వలల పనీ పోతే ఏం మిగులుతుంది? ఇంటికొచ్చాక నేను అదే అడిగాను. "భయమేత్తందేటి?" అన్నాడు. అవునన్నాను. "నాకూ ఏత్తంది," అని అన్నం పెట్టమన్నాడు.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి జెట్టీ మీద జనం. చేపల్లేని రోజుల్లో అమ్మకి హార్బర్లో పనేం లేదు. అయినా వచ్చి, చేతులు కట్టుకుని ముందు వరసలో నిలబడింది. దక్షిణపు గాలి గట్టిగా ఉంది. బోటు హార్బర్ నోరు దాటి వెళ్ళి, తిరిగి ఇటు ముఖం పెట్టింది.

మామూలు సరంగెవడైనా జెట్టీ దగ్గర పడేదాకా ఇంజను మీదే వస్తాడు. చివర్లో రివర్స్ గేరు వేస్తే నల్లటి పొగ లేస్తుంది, జెట్టీకి వేలాడదీసిన టైర్లు కీచుమంటాయి. ఆ రోజు బోటు ఇంకా బాగా దూరంగా ఉండగానే ఇంజను చప్పుడు ఠక్కున పడిపోయింది.

"అయిపోయింది! సెయ్యి జారిపోయింది!" అని నా వెనక ఎవరో అరిచారు. బోటు మీద గవర్రాజు "ఎయ్యి బావా, గేరెయ్యి!" అని కేకలు పెడుతున్నాడు. కానీ ఆ చప్పుడు నాకు తెలుసు. మా ఇంట్లో కంప్యూటర్లో రోజూ విన్నదే. ఎక్కడో ఒక గుర్తు ఇంకో గుర్తుని సగం మింగింది, ఆ రెండు వేళ్ళు మీటని వెనక్కి లాగాయి. చెయ్యి జారలేదు.

బోటు ముక్కు గాలికి ఎదురుగా తిరిగింది. గాలే దాన్ని పట్టి ఆపుతోంది. మెల్లగా, మరీ మెల్లగా పక్కకి జరుగుతూ వచ్చి టైరుకి ఆనుకుంది. ఆనుకున్న చప్పుడు కూడా వినబడలేదు.

తాడు కట్టారు. గవర్రాజు జెట్టీ మీదికి దూకి, ఈ చివర నుంచి ఆ చివర దాకా వంగి వంగి రంగు చూసుకుంటూ నడిచాడు. గీత లేదు. గోటి గీత కూడా లేదు. లేచి నడుం మీద చేతులు పెట్టుకుని, "సర్లే బావా, రేపు మాటాడుకుందాం," అన్నాడు.

నాన్న స్టీరింగు దగ్గర్నుంచి కదల్లేదు. కిటికీలోంచి ఎడమ చెయ్యి బయటికి పెట్టాడు. రెండేళ్ళు దాచుకున్న చెయ్యి, అందరూ చూసేలా, కొత్త రంగు మీద ఆనించి పెట్టాడు.

"మాటాడ్డానికి ఏటి మిగిలింది? ఏటకెల్లాల, ఐసుకి సెప్పు. ఇంకొకటి బావా. ఇన్నాళ్ళనుంచీ నన్నో పేరెట్టి పిలుత్తన్నావు కదా. ఇప్పుడు పిలు."

ఎవరూ నవ్వలేదు. గవర్రాజు అటూ ఇటూ చూశాడు. తల దించుకున్నాడు.

"పైలట్," అన్నాడు.

"ఇనబళ్ళేదు," అంది మా అమ్మ.