రంగు పూసిన మందారం

చిన్నప్పుడు నేను మట్టి తినేదాన్నంట. ఇప్పటికీ ఇంటికి ఎవరన్న వస్తే అమ్మ ముందుగాల అదే చెప్తది. "అప్పుడే అనుకున్న, ఇది చెట్లు చేమల చదువే చదువుతదని" అని నవ్వుతది. నేనిప్పుడు డిగ్రీల బాటనీ చదువుతున్న. మాకు సొంత జాగ గజమంత కూడ లేదు. ఫిల్మ్‌నగర్ బస్తీల కిరాయి ఇల్లు, పైన డాబా. ఎవరన్న పునాది తవ్వుతున్నరంటే చాలు, సంచి పట్టుకొని ఉరుకుత. షేక్‌పేట దిక్కు కెళ్లి ఎర్రమట్టి మోసుకొచ్చి, పాత బకెట్లల్ల, డబ్బాలల్ల మొక్కలు పెట్టిన. ఆ మట్టిల చెయ్యి పెడితే నాకు కడుపు నిండినట్టుంటది. ఏమన్న అనుకోండ్రి, నిజం అది.

అన్నిట్ల ముద్ద మందారం అంటే నాకు పాణం. అది అమ్మ తెచ్చింది. అమ్మ జాకెట్లు కుడతది. జూబ్లీహిల్స్‌ల ఒక ఇంటికి జాకెట్లు ఇయ్య పోయినప్పుడు, గేటు కాడ మందారం చూసి, ఒక్క కొమ్మ ఇయ్యమని ఆ మేడంను అడిగిందంట. మా అమ్మ ఎవ్వరినీ ఏదీ అడగదు. దూపైనా మంచినీళ్లు అడగదు. నా కోసం కొమ్మ అడిగింది.

అసుంటి మందారాన్ని నేను షూటింగ్‌కిచ్చిన.

కింద పోర్షన్ల ఉండే అన్న సినిమా సెట్లు వేసే పని చేస్తడు. "చెల్లె, హీరోయిన్ ఇంటి డాబా మీద తోట చూపియ్యాలె. నీ మొక్కలు ఒక్క రోజు ఇయ్యి, పొద్దు మూకేసరికి తెచ్చి పెడత" అన్నడు. నేను ఎగిరి గంతేసిన. నా మొక్కలు తెర మీద! వాటితోని పాటు నేను కూడ ట్రాలీ ఆటో ఎక్కి జూబ్లీహిల్స్ పోయిన.

ఆడ ఒకాయన స్ప్రే డబ్బ పట్టుకొని నా మొక్కలకు ఆకుపచ్చ రంగు కొడుతుండు. పచ్చటి ఆకుకు పచ్చ రంగేందో! కెమెరాల మెరవాలెనంట. ఆకుకు సన్నటి రంధ్రాలుంటయి, ఊపిరి పీల్చేది వాటితోనే, అవి మూసుకపోతే మొక్క ఆగమైతది. పరీక్షల బొమ్మ గీసి మరీ రాసిన నేను. "అన్నా, రంగొద్దు..." అన్న మా కింద పోర్షన్ అన్నతోని. "జర ఊకో చెల్లె, డైరెక్టర్ సారొచ్చిండు" అన్నడు. ఊకున్న.

అంతల ఒక అసిస్టెంట్ డైరెక్టర్ నన్ను చూసి, "ఏమ్మా, వెనకాల మొక్కలకి నీళ్లు పోస్తూ నిలబడతావా?" అన్నడు. సిగ్గు శరం లేదు నాకు, నిలబడ్డ. "కొంచెం నవ్వమ్మా, మొక్కలంటే ప్రాణం అన్నట్టు నవ్వాలి" అన్నడు. నవ్విన. పండ్లన్నీ కనబడేటట్టు నవ్విన. నీళ్లు ఆకుల మీద నిలవకుంట జారిపోతుంటే, నా వేళ్లకు పచ్చరంగు అంటుతుంటే, హీరోయిన్ పక్క పొంటి నడిచిపోతుంటే, నేను నవ్వుకుంటనే ఉన్న. ఎక్కడ నన్ను పక్కకు జరగమంటరో అని ఒకటే భయం.

ఇంటికొచ్చినంక అమ్మ ఆ ఆకులు చూసి లబోదిబోమన్నది. "నేను టిఫిన్ తిన పోయినప్పుడు పూసిండ్రమ్మా, నాకు తెల్వనే తెల్వదు" అన్న. నమ్మింది. వాళ్లను దుమ్మెత్తి పోసింది. నన్ను దగ్గరికి తీసుకొని "ఏడ్వకు బిడ్డా" అన్నది. ఇద్దరం కూసొని తడిబట్టతోని ఒక్కొక్క ఆకు తుడిసినం. కరివేపాకు, కనకాంబరం మళ్ల చిగురేసినయి. మందారం ఎండిపోయింది.

కొన్ని నెలలకు ఆ సినిమా పాట ఫోన్లల్లకొచ్చింది. మా పిల్ల సినిమాల పడ్డదని బస్తీల ఒకటే లొల్లి. పక్కింటి చిన్నమ్మ ఉరికొచ్చి తన ఫోన్ల అమ్మకు చూపిచ్చింది. మందారం ఆకులు ప్లాస్టిక్ లెక్క మెరుస్తున్నయి. పక్కనే నేను, నీళ్ల డబ్బ పట్టుకొని, పండ్లికిలిచ్చుకుంట. నా వేళ్లు పచ్చగున్నయి. అమ్మ ఇంకోసారి పెట్టమన్నది. చూసి ఫోన్ ఇచ్చేసింది. నాకు అమ్మ మొఖం చూసే ధైర్యం లేకపోయింది.

చిన్నమ్మకేం తెలుసు పాపం. "అబ్బ, ఆ మందారం ఎంత ముద్దుగున్నదే! నాకొక కొమ్మ ఇయ్యరాదు" అన్నది నాతోని. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "ఇప్పుడు ఎండలు మండుతున్నయి, కొమ్మ పెట్టినా బతకదు. వానలు పడనియ్యి చెల్లె, ఇస్త."

చిన్నమ్మ పోయింది. "అబద్ధమెందుకు చెప్పినవమ్మా?" అన్న మెల్లగ.

అమ్మ మిషన్ కాడ కూసొని సూదిల దారం ఎక్కిస్తున్నది. తల ఎత్తలేదు.

"మరేం చెప్పాలె? దాన్ని సంపుతుంటే నా బిడ్డ పక్కనే నిలబడి నవ్విందని చెప్పాలెనా?" అన్నది.