ముక్కు సరిచేసిన బిళ్ల

మా బావ దగ్గర బీరువా నిండా పాడైపోయిన నాణేలు ఉన్నాయి. ఆయన వాటిని పాడైపోయినవి అనడు, కళాఖండాలు అంటాడు. ఎవడో పనీపాటా లేనివాడు నాణెం మీది పెద్దమనిషి నెత్తిన ఉలితో టోపీ చెక్కితే అది కళాఖండం. ఇంకొకడు సన్న రంపంతో చుట్టూ కోసేసి ఒట్టి తలకాయని మిగిల్చితే అదీ కళాఖండమే. రైలు పట్టా మీద పెడితే రేకులా సాగిన బిళ్ల ఒకటుంది. దానికి నీలం మఖమల్ గుడ్డ మీద ప్రత్యేకంగా చోటు. ఆ రైలు నడిపిన మనిషికి మాత్రం తనొక కళాకారుడినన్న సంగతి ఈనాటికీ తెలియదు.

ఆయన ఉద్యోగం బస్సు డిపోలో, కండక్టర్లు తెచ్చి గుమ్మరించే చిల్లర చూసుకునే గదిలో. అక్కడ చెల్లని బిళ్లలు పడేసే డబ్బా ఒకటుంటుంది. మిగతా గుమాస్తాలు దాని వంక కూడా చూడరు. తన జేబులోని మంచి నాణెం అందులో వేసి, చెడ్డది ఏరుకుని, ఏదో గెలిచినట్టు ఇంటికొచ్చే మనిషిని నేను ఆయన్ని తప్ప ఇంకెవర్నీ చూడలేదు.

మా అక్కని పెళ్లి చేసుకున్నాక ఆయన చేసిన మొదటి పని, ఆవిడ చీరల్ని బీరువాలోంచి తీసి దండెం మీదికి మార్చడం. చీరలకి గాలి తగలాలట, నాణేలకి తగలకూడదట. సొరుగులు తీసేటప్పుడు ఎవరూ గట్టిగా ఊపిరి పీల్చకూడదు. చుట్టాలొస్తే మంచినీళ్లకంటే ముందు భూతద్దం చేతికిస్తాడు. వాళ్లు మర్యాదకి "బాగుందండీ" అంటే ఇంకో సొరుగు తెరుస్తాడు. వాళ్లింటికి చుట్టాలు తగ్గిపోవడానికి కారణం ఏమిటని ఒకసారి ఆయనే నన్ను అడిగాడు కూడా.

జేబులో ఎప్పుడూ ఒక బిళ్ల ఉంటుంది. రెండు నాణేల్ని సగానికి అరగదీసి అతికించినది. రెండు వైపులా బొమ్మే, బొరుసు లేదు. ఇంట్లో ఏ మాట తేలకపోయినా దాన్ని పైకెగరేస్తాడు. బొమ్మ పడితే నా మాట, బొరుసు పడితే నీ మాట అంటాడు అక్కతో. ఫ్యాను వంటగదిలో ఉండాలా, నాణేల గదిలో ఉండాలా? బొమ్మ. సెలవుల్లో నన్ను చూడ్డానికి రావాలా, నాణేల సంఘం సమావేశానికి వెళ్లాలా? బొమ్మ. అక్కకి ఆ సంగతి కాపురానికి వెళ్లిన కొత్తలోనే తెలిసిపోయింది. ఎందుకు ఊరుకున్నావంటే, పోనీలేవే, ఆ మాత్రం తెలివి చూపించుకోనీ అనేది. నాకు మాత్రం ఒళ్లు మండేది.

ఇంతవరకూ అయితే ఆయన ఒట్టి నవ్వులాట మనిషి. నేను నవ్వి ఊరుకునేదాన్ని. కానీ ఆయన చూపు అక్క సూదీదారం డబ్బా మీద పడింది.

అందులో మా అమ్మ ఉండేది. మా నాన్న సామాన్ల కొట్టు ముందు కూర్చుని గిన్నెల మీద పేర్లు చెక్కేవాడు. అమ్మ నన్ను కని, నాకు నడక రాకముందే పోయింది. ఫోటో తీయించుకుందామని అనుకోవడమే గానీ స్టూడియో మెట్లెక్కింది లేదు. అందుకని నాన్న ఒక పెద్ద నాణెం తీసుకుని, బొమ్మ ఉన్న వైపు అరగదీసి, పేర్లు చెక్కే ఉలితోనే అమ్మ ముఖం చెక్కాడు. పక్కనుంచి కనిపించే ముఖం. ముడి, చెవి, ముక్కు. ముక్కు దూలం మధ్యలో చిన్న బొడిపె. చిన్నప్పుడు గడప మీద బోర్లా పడితే విరిగి అలా అతుక్కుందట. నాన్నా పోయాక ఆ బిళ్ల అక్క దగ్గర ఉండిపోయింది. అక్కకి అమ్మ గుర్తుంది. నాకున్న అమ్మ ఆ బిళ్ల మీద ఉన్నంత వరకే. చిన్నప్పుడు నిద్ర పట్టకపోతే ఆ బొడిపె మీద వేలు పెట్టి పడుకునేదాన్ని.

సంఘం వాళ్ల ప్రదర్శన దగ్గర పడింది. చేత్తో చెక్కిన వాటికి బహుమతి పెట్టారు. బావ అక్కని ఆ బిళ్ల అడిగాడు. అక్క ఇవ్వనంది. సరే, ఎగరేద్దాం అన్నాడు ఆయన. ఏం పడిందో వేరే చెప్పక్కర్లేదు. మా అక్క డబ్బాలోంచి బిళ్ల తీసి ఇచ్చేసింది. నాలుగు రోజులు అద్దాల పెట్టెలో ఉంటే ఏం అరిగిపోతుందిలే అనుకుందట.

ప్రదర్శన ఆఖరి రోజున అక్కతో పాటు నేనూ వెళ్లాను. అద్దెకి తీసుకున్న హాలు, ట్యూబులైట్లు, గుడ్డ కప్పిన బల్లలు, వాటి వెనకాల మా బావలాంటివాళ్లే ఓ పాతికమంది. ఒకరి భూతద్దం ఒకరు అరువు తీసుకుంటూ, ఒకరి నాణెం చూసి ఇంకొకరు పెదవి విరుస్తూ, జీవితంలో ఇంతకు మించిన పని లేనట్టు తిరుగుతున్నారు. మా బిళ్ల ముందు మొదటి బహుమతి చీటీ ఉంది. నేను వంగి చూశాను. అమ్మ అందంగా ఉంది. ఇంతకుముందుకంటే అందంగా ఉంది. ఎక్కడో ఏదో తేడా కొట్టింది గానీ అదేమిటో నాకు వెంటనే తెలియలేదు.

అక్క భూతద్దం అడగలేదు. ఒక్క చూపు చూసి నా వైపు తిరిగింది.

"ఈవిడెవరే?" అంది.

బావ అప్పటికే పక్కన చేరి, ఎదురుగా ఉన్న పెద్దమనుషులకి వివరిస్తున్నాడు. పనితనం మంచిదేనట, ముక్కు దగ్గర ఒక్కచోట చెయ్యి జారిందట. అలా పంపితే మార్కులు పోతాయని, సంఘంలో చెక్కుడు తెలిసినాయనకిచ్చి ఆ బొడిపె తీయించాడట. ఎంత నైపుణ్యంగా తీశాడంటే ఎవరూ కనిపెట్టలేకపోయారట. పెద్దమనుషులు తలలూపారు.

"నాన్న చెయ్యి జారలేదండీ," అంది అక్క. "మా అమ్మ ముక్కే అంత."

హాల్లో ఇంకెవరైనా అయితే సిగ్గుతో చచ్చేవాళ్లు. మా బావ ఒక్క క్షణం ఆలోచించి, "ముందే చెప్పొచ్చుగా," అన్నాడు. తర్వాత, కావాలంటే ఆయనకే ఇచ్చి మళ్లీ పెట్టిస్తానన్నాడు. చెక్కుడంటే లోహం తీయడమే గానీ పెట్టడం ఉండదన్న సంగతి, సగం జీవితం వాటితోనే గడిపినవాడికి ఆ నిమిషంలో తట్టలేదు. కళాఖండాలు సేకరించే మనిషికి ముఖానికీ తప్పుకీ తేడా తెలియలేదు. ఇంక ఆయన గురించి ఏం చెప్పమంటారు?

ఆ రాత్రి నేను వాళ్లింట్లోనే ఉన్నాను. పొద్దున లేచేసరికి పెరట్లోంచి గరగరమని చప్పుడు. అక్క బట్టలుతికే రాయి దగ్గర కూర్చుని, ఇసుకా నీళ్లూ పోసి బిళ్ల రుద్దుతోంది. ముడి పోయింది, చెవి పోయింది. నేను పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"వదులు," అంది. "ఇది ఇలాగే ఉంటే రేపట్నుంచి నీకు ఈవిడే అమ్మ అయిపోతుంది. నిన్న నువ్వు గుర్తుపట్టలేదు, నేను చూశాను."

నేను చెయ్యి వదిలేశాను. ఏడుపొచ్చింది, ఏడ్చాను. అక్క ఏడవలేదు. ఆ వైపంతా అద్దంలా నున్నగా అయ్యేదాకా రుద్ది, కడిగి, కొంగుతో తుడిచింది. ఖాళీ బిళ్ల మీద గోటితో గీస్తూ, నుదురు ఇక్కడ మొదలయ్యేది, బొడిపె ఇక్కడుండేది, గడ్డం ఇంత చిన్నది అని చెప్పింది. గీత పడలేదు. నేను మాత్రం కళ్లార్పకుండా చూశాను.

అప్పుడు వచ్చాడు బావ, పళ్లపొడి నోటితో. బిళ్లని చూసి లబోదిబోమన్నాడు. మొదటి బహుమతి వచ్చిందాన్ని నాశనం చేశావన్నాడు. అంతలోనే నోరు కడుక్కొచ్చి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ముఖం మెల్లగా తేరుకుంది. చేత్తో ఇంత నున్నగా అరగదీసినవి దొరకడం కష్టమట. చరిత్ర రాసి పెడితే వచ్చే ఏడు ప్రదర్శనకి పనికొస్తుందట. బీరువాలో పెడతానన్నాడు. అక్క ఇవ్వనంది.

"సరే, గొడవెందుకు, ఎగరేద్దాం," అని జేబులో చెయ్యి పెట్టాడు.

"ఎగరేద్దాం," అంది అక్క. "ఈసారి నా బిళ్లతో. బొమ్మ పడితే మీది."

ఆయన చెయ్యి జేబులోనే ఉండిపోయింది. అక్క బిళ్లని పైకెగరేసింది. అది రాతి మీద పడి, గిర్రున తిరిగి, ఆగింది. ఏ వైపు పడిందో చూడ్డానికి మా బావ వంగాడు.