తుపాను తేదీన పుట్టిన పిల్ల

ఈదురుగాలి వీచిన మర్నాడు విరిగిపడ్డ కొబ్బరాకుల్లోంచి ఒక పచ్చివాసన వస్తుంది. మొన్న ముమ్మిడివరం వైపు ఆటోలో వెళ్తుంటే ఆ వాసన తగిలి, మా ఊరి బడి, దాని ముందు ఇసకలో వరుసలు కట్టిన పిల్లలం, మా ఎదురుగా నేతచీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని నిలబడ్డ గ్రేసమ్మ టీచరుగారూ కళ్లముందుకొచ్చారు.

రోజూ ప్రార్థన అయ్యాక ఆవిడ 'చరిత్రలో ఈ రోజు' చెప్పేవారు. ఏ దేశంలో యుద్ధం ముగిసిందో, ఏ రాజు గద్దె దిగాడో, ఎవరు ఏ యంత్రం కనిపెట్టారో రేడియోలో విని, పేపర్లో చూసి, అవన్నీ మా పక్కవీధిలో జరిగినట్టే చెప్పేవారు. ఎండాకాలం అరికాళ్లు చురుక్కుమంటున్నా, వానాకాలం కాలవగట్టు బురద పిక్కల మీద ఆరి బిగుసుకుంటున్నా కదలకుండా వినేవాళ్లం. నా పుట్టినరోజున మాత్రం మరీ చెవులు రిక్కించి, లోకంలోని గొప్ప పనులన్నీ నా తేదీనే జరిగాయని ఇంటికెళ్లి చెబితే, నాన్నగారు ఆత్రేయపురం నుంచి తెచ్చిన పూతరేకు నా చేతిలో పెట్టి నవ్వేవారు.

నాకు తొమ్మిదేళ్లు నిండిన రోజే తుపాను వచ్చింది. దీపావళికి మతాబులు చుట్టుకుంటున్న రోజులవి. తెల్లారి చూస్తే తోటలకి తోటలే నేలమీద పడుకుని ఉన్నాయి. ముందురోజు గాలి మొదలవగానే ఉప్పుటేరు అవతలున్న తమ్ముణ్ణి తీసుకొస్తానని సైకిలెక్కి వెళ్లిన టీచరుగారి భర్త తిరిగి రాలేదు.

మరుసటేడు ఆ తేదీ వచ్చేసరికి, అమ్మ కొత్తగౌను తీసి, ఒకసారి నిమిరి, మళ్లీ పెట్టెలోనే పెట్టేసింది. ఊళ్లో ఇన్ని ఇళ్లల్లో ఏడుపులుంటే మనకి పండగేమిటమ్మా అంది. నేను పాతగౌనుతోనే బడికెళ్లాను. ఆ రోజు పుట్టడమే ఏదో తప్పు చేసినట్టుండి, వరసలో చివరికి వెళ్లి నిలబడ్డాను.

ఆ పూట 'చరిత్రలో ఈ రోజు' తాను చెప్తానని హెడ్మాస్టారు మెల్లగా టీచరుగారితో అన్నారు.

"లేదండీ, నేనే చెప్తానండి," అన్నారు టీచరుగారు.

ఎప్పటిలాగే దేశాల సంగతులు చెప్పారు. తరవాత కిందటేడు ఇదే రోజున తుపాను వచ్చిందని చెప్పి, మా ఊళ్లో పోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పారు. భర్త పేరు కూడా అదే గొంతుతో, మధ్యలో ఎక్కడో చెప్పారు. మాస్టార్లు తలలు వంచుకున్నారు. అయిపోయిందనుకున్నాం. ఆవిడ మా వరస వైపు చూశారు.

"ఇదే రోజున మన అయిదో తరగతి వరలక్ష్మి పుట్టింది. అదీ చెప్పుకోవాలి కదమ్మా. ఇలా రా."

వెళ్లాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసి, నన్ను పిల్లలందరి వైపూ తిప్పారు. చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఆవిడే మొదట కొట్టారు.

మర్నాటి నుంచి టీచరుగారు లోకం సంగతులతో పాటు మా ఊరిదీ ఒకటి కలిపేవారు. ఫలానా తాతగారి పెళ్లిరోజు, రేవులో జనాన్ని అవతలి గట్టుకి దాటించే పంటు మొదటిసారి నడిచిన రోజు, మా ఊరికి కరెంటొచ్చిన రోజు. వాటికోసం ఇల్లిల్లూ తిరిగి ముసలివాళ్లని అడిగేవారు.

ఇప్పుడు ఆవిడా లేరు, ఆ ముసలివాళ్లూ లేరు. రేవు దగ్గర వంతెన కట్టాక పంటూ పోయింది. పొద్దున్నే ఫోన్లో రాజుల సంగతులు, యుద్ధాల సంగతులు వాటంతటవే వచ్చేస్తాయి. మా ఊళ్లో మొదటిసారి కరెంటు దీపం వెలిగిన రోజు ఏదో మొన్న మా అమ్మాయి అడిగితే, చెప్పలేకపోయాను.