డాక్టరు రాసిన రెండో వాక్యం

హాస్టలు వంటామెను ఎవరు పలకరించినా ఒకటే జవాబు: "బాగానే ఉన్నానండీ." ఇరవై ఆరేళ్లు గుండిగలు ఎత్తీ దించీ నడుము మూలపడ్డా, డాక్టరు అడిగితే మళ్లీ అదే మాట. అంత చదువుకున్నాయన పనిగట్టుకుని అడుగుతుంటే మొహమ్మీద బాగాలేదనేయడం మర్యాద కాదట! ఆ మర్యాద తగలెయ్యా అని ఆమె మరదలు, అంటే తమ్ముడి పెళ్లాం, నెత్తి కొట్టుకునేది.

వైకల్య భత్యానికి అర్జీ పెడితే అధికారి తోసిపుచ్చాడు. ఆసుపత్రి చీటీల్లో పదకొండు చోట్ల 'బాగానే ఉన్నానంది' అని ఉందట, కాబట్టి పని చేసుకోగలదట. అప్పీలూ పోయింది. మిగిలింది కోర్టు. అక్కడా ఓడితే ఆ నడుముతోనే మళ్లీ గుండిగల దగ్గరికి పోవాలి.

"పదకొండు సార్లా వదినా? ఒక్కసారైనా అబ్బా అని ఏడవలేకపోయావా?" అంది మరదలు.

"ఆయనకెందుకమ్మాయ్ మన గోల," అంది వంటామె.

మరదలు ఊరుకునే రకం కాదు. కుట్టుమిషను మూసేసి, నాలుగు రోజులు పెద్దాసుపత్రి చుట్టూ తిరిగి కొత్త సర్టిఫికెట్టు సంపాదించింది. వాళ్ల కేసు ఒప్పుకున్న లాయరమ్మ దాన్ని చూసి తల అడ్డంగా ఊపింది.

"కోర్టు కొత్త కాగితం ముట్టదమ్మా. ఆ అధికారి ముందున్న ఫైలును ఆయన సరిగ్గా చదివాడా లేదా, అంతే చూస్తుంది. ఆ ఫైలు ఇలా ఇవ్వండి, నేనూ చదువుతాను."

మరదలికి ఒళ్లు మండింది. అయినా ఫైలు ఇచ్చింది.

విచారణ రోజున లాయరమ్మ చూపించిన చోటల్లా జడ్జిగారు ఆగారు. అధికారి లెక్కపెట్టిన వాక్యం కిందే, డాక్టరు కోడిగీతల్లో ఇంకొకటి ఉంది. జడ్జిగారు పైకి చదివారు.

"'బాగానే ఉన్నానంది. కూర్చోలేక, ఉన్నంతసేపూ నిలబడే మాట్లాడింది.' ఇది ఇంకో నెలది. 'బాగానే ఉన్నానంది. కింద పడిన చీటీ వంగి తీసుకోలేక ఏడ్చింది.'"

పదకొండూ అయ్యాక కళ్లద్దాలు తీశారు. "అధికారి సగమే చదివారు. ఈ ఉత్తర్వు కొట్టేస్తున్నాను. మొత్తం చదివి మళ్లీ తేల్చాలి."

భత్యం చేతికి రాకపోయినా దారి తెరుచుకుంది. లాయరమ్మ సంబరపడిపోయింది. మరదలు మాత్రం ఆ చీటీ మాట దగ్గరే ఆగిపోయింది. ఏడ్చిందట! ఒకే ఇంట్లో, పక్క గదిలో మిషను తొక్కుకుంటూ తనకా సంగతి తెలియనే లేదు. తనూ రోజూ ఎలా ఉందని అడిగేది, బాగానే ఉందంటే సరేనని సూదిలోకి దారం ఎక్కించుకునేది. తను మాత్రం ఆ అధికారి కంటే ఏం ఎక్కువ చదివింది?

వరండాలోకి వచ్చాక మరదలు వెళ్లి వదిన ముందు నిలబడింది.

"ఎలా ఉంది వదినా? నాకు నిజం చెప్పు."

వంటామె అలవాటుగా నోరు తెరిచి, ఆగింది. ఎదురుగా ఉన్న మెట్లవైపు చూసింది.

"దిగలేనమ్మాయ్," అంది మెల్లగా. "పట్టుకో."

మరదలు చేతిసంచి లాయరమ్మకు అందించి, వదినను రెండు చేతులా పొదివి పట్టుకుంది.