శివమ్మ మిగిల్చిన మరక

యూనివర్సిటీ హాస్టల్ మెస్సులో సాంబారు ఎలా ఉండేదో అక్కడ తిన్నవాళ్లను అడగాలి గానీ, అది బట్టకంటితే ఏం చెయ్యాలో శివమ్మనే అడగాలి. వడ్డించేవాళ్ల తెల్లకోట్లు పద్నాలుగేళ్లుగా ఆమె చేతిలోనే తెల్లబడ్డాయి. నూనె మరకైతే శనగపిండి అద్దేది, చాయ్ మరకైతే పుల్లమజ్జిగలో నానేసేది. క్యాంపస్ పనివాళ్ల క్వార్టర్లలో ఎవరింట ఏది ఒలికినా ఆ బట్ట ఆమె గడపకే చేరేది. ఊరికే ఉతికిపెట్టేది, కాకపోతే నాలుగు చీవాట్లు కూడా పెట్టేది. మరకంటే ఆమెకు పగ. మనిషితో మాట్లాడుతున్నా కళ్లు మాత్రం ఆ మనిషి చొక్కా మీదే ఉండేవి.

పందొమ్మిది వందల అరవై ఎనిమిది ఎండాకాలంలో తార్నాక నుంచి ఏస్తేరు ఏడుస్తూ వచ్చింది. మెస్సులో వడ్డించే సామేలు కూతురు. శనివారం చర్చిలో ఆమె పెళ్లి. రెండేళ్ల కింద పోయిన తల్లి పెళ్లిచీర, ఆ తెల్లచీరే తానూ కట్టుకోవాలని పిల్ల ఆశ. ఒకసారి చుట్టుకుని చూసుకుని, ఆ మురిపెంలో అలాగే అన్నానికి కూర్చుంది. కొంగు మీద పప్పుచారు పడింది. కంగారుగా సబ్బు రుద్దితే పసుపు కాస్తా నెత్తుటిలా ఎర్రబడింది. పెళ్లిచీర మీద ఎరుపేమిటని, ఇది కీడేనని ఇంట్లో పెద్దమ్మ అన్నదట.

శివమ్మ నవ్వింది. పసుపుకు సబ్బు పడదు, అంతకుమించి కీడేమీ లేదంది. నిమ్మచెక్క రుద్దగానే ఎరుపు పోయి మళ్లీ పచ్చబడింది. చీరను మంచినీళ్లలో జాడించి ఎండలో ఆరేసింది. మర్నాటి మధ్యాహ్నానికి ఆ పచ్చదనం కూడా వెలిసిపోయింది.

అక్కడితో ఆగితే ఆమె శివమ్మ ఎందుకవుతుంది? కుచ్చిళ్ల వైపున అరచేయంత పాత చాయ్ మరక కంటబడింది. తల్లిలేని పిల్లకు మచ్చలేని చీర ఇద్దామనుకుని, ఎవరూ అడగకుండానే దాన్ని పుల్లమజ్జిగలో నానేసి ఉప్పూ నిమ్మరసమూ పట్టించింది. మొండి మరకే గానీ, అంచుల నుంచి కరగసాగింది. సగం పోయేసరికి చీర కోసం సామేలు వచ్చాడు.

మరకను చూసి గడప మీదే కూర్చుని, చీరను ఆ మేర చేతిలోకి తీసుకున్నాడు.

"గది నేను ఒలకబోసిన చాయ్ అక్కా. మా పెండ్లి నాడు," అన్నాడు. "గిన్నేండ్ల సంది వడ్డిస్తున్న, ఎవరి మీద చుక్క పడనియ్యలే. మా ఆమెకు కప్పు ఇయ్యబోతే చెయ్యి వణికింది. పోయేదాంక ఆ మరక చూపిచ్చి నవ్వేది."

శివమ్మ చేతిలోని నిమ్మచెక్క కింద పెట్టేసింది. తన పనికి తాను సిగ్గుపడటం ఆమెకు అదే మొదటిసారి.

"నన్నెవ్వరు చెయ్యమనలే తమ్మీ. తప్పు నాదే," అంది.

సామేలు కోప్పడలేదు. సగమన్నా మిగిలింది, అది చాలన్నాడు. ఆమె మరక ఉన్న మేర చేత్తో నీళ్లు చల్లి, పులుపు పోయేదాకా కడిగింది గానీ మళ్లీ రుద్దలేదు.

శనివారం పొద్దున ఏస్తేరుకు చీర కట్టింది శివమ్మే. మరకను మడతల్లో దాచెయ్యడం ఆమెకు వెన్నతో పెట్టిన విద్య. ఆ రోజు మాత్రం కుచ్చిళ్లు రెండుసార్లు విప్పి, ఆ మిగిలిన సగం పై మడత మీదికి వచ్చేదాకా మళ్లీ మళ్లీ పెట్టింది. చర్చి వాకిట్లో కూతురి చెయ్యి పట్టుకున్న సామేలు మొట్టమొదట దాన్నే చూశాడు.