ఎల్బీ నగర్ చౌరస్తాలో జర్మనీ అక్క

ఆ రోజుల్లో దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ మెట్లెక్కినా పైన ఒక కోచింగ్ సెంటర్ ఉండేది. డిగ్రీ అయిన కొత్తలో నేనూ అలాంటి మెట్లే ఎక్కి, జర్మన్ భాష నేర్పే ఒకచోట వీసా కౌన్సిలర్‌గా చేరాను. చూడటానికి వెళ్ళేవాళ్ళది ఒక వీసా, చదువుకి ఒకటి, ఉద్యోగానికి మరొకటి, కోతల కాలానికి మాత్రమే వెళ్ళొచ్చే కూలీలకి ఇంకొకటి, ఒకదాని మీద వెళ్ళి ఇంకో పని చేస్తే ఏ దేశమైనా వెనక్కి పంపేస్తుందని వేలు ఆడిస్తూ చెప్పేవాణ్ణి. (అప్పటికి నేను దాటిన సరిహద్దు ఊరి చివరి పెద్ద అంబర్‌పేట్ ఒక్కటే.)

మేముండే మన్సూరాబాద్‌లో పక్కింటి అమ్మాయి పెళ్ళి చూడటానికి జర్మనీ నుంచి ఒక స్నేహితురాలు వచ్చింది. అక్కడ బడిలో టీచరట. వీధి పిల్లలు ఆవిడకి 'జర్మనీ అక్క' అని పేరు పెట్టేశారు. పెళ్ళయ్యాక కూడా ఊరు చూస్తానని ఉండిపోయింది. మా అమ్మ పెట్టిన గోంగూర తిని, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ ఇంకొంచెం వేయమన్న మనిషి. ఒక సాయంత్రం ఆవిణ్ణి మా సెంటర్‌కి టీకి తీసుకెళ్ళాను. మా డైరెక్టర్ సార్ పొంగిపోయి పక్కన నిలబడి ఫోటో దిగాడు. తీసింది నేనే.

ఆ వారంలోనే ఒక ఉదయం బస్సు మారడానికి ఎల్బీ నగర్ చౌరస్తాలో దిగి తలెత్తాను. రెండంతస్తుల ఎత్తున మా సెంటర్ ఫ్లెక్సీ మీద జర్మనీ అక్క ముఖం. చేతిలో టీ కప్పు మాయమై పుస్తకం మొలిచింది. 'జర్మన్ మేడం స్వయంగా బోధించును. త్వరపడండి' అని కింద ఎర్రక్షరాలు. పరుగున ఆఫీసుకి వెళ్ళాను.

"సార్, ఆవిడది టూరిస్ట్ వీసా. పాఠాలు చెప్పకూడదు."

"చెప్పమని ఎవరన్నారయ్యా? ఊరికే వచ్చి కూర్చోమను. కూర్చోవడం కూడా ఉద్యోగమేనా?"

మన ఆఫీసులో అంతే కదా సార్ అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ఇంతలో జర్మనీ అక్కే లోపలికొచ్చింది. ఆటోలో వస్తూ తనని తాను చూసుకుందట. కేకలేస్తుందనుకున్నాను, వేయలేదు. "నా ముఖం ఎందుకంత పెద్దగా ఉంది?" అని ఇంగ్లీషులో నెమ్మదిగా అడిగింది. "నేనిక్కడ పని చేస్తున్నానని అనుకుంటే నన్ను పంపేస్తారు. మళ్ళీ ఎప్పుడూ రానివ్వకపోవచ్చు. నువ్వు వీసాల మనిషివి కదా, ఇప్పుడు నేనేం చేయాలి?"

రోజంతా వాగే నేను సార్ వైపు చూశాను. సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఖాకీ బట్టలు కనిపించాయి. డైరెక్టర్ సార్ ఎప్పుడు బాత్రూంలోకి వెళ్ళి గడియ పెట్టుకున్నాడో నాకు తెలియదు.

"గా ఫ్లెక్సీల ఉన్న మేడం ఈమెనేనా?" అన్నాడు ఆ పోలీసాయన.

నాలో ఏదో తెగింది. ఆవిడ పర్యాటకురాలని, పని చేయాలంటే వేరే వీసా కావాలని, ఆవిడకి ఆ ఫ్లెక్సీ సంగతే తెలియదని, ఫోటో నేనే తీశానని, జైలుకైతే నన్నే తీసుకెళ్ళమని ఊపిరి తీసుకోకుండా చెప్పేశాను. ఆయన ఓపిగ్గా విన్నాడు.

"అయిపోయిందా తమ్మీ? మా బిడ్డ నర్సింగ్ చదివింది. జర్మన్ నేర్చుకుంటనంటే ఫీజు అడుగుదామని ఒచ్చిన."

నేను ఫీజుల కాగితం తీసి ఆయన చేతికిచ్చాను.

"గిప్పుడు నువ్వు ఇదంతా చెప్పినంక, ఇననట్టు నేనెట్లుండాలె? జర నువ్వే చెప్పు" అని, ఆవిడ వైపు తిరిగాడు. "మేడం, యూ టీచ్ హియర్?"

"నో సర్. ఐ డ్రాంక్ టీ."

"చాయ్ తాగితే ఏ కానూన్ ఒద్దనదు. గా ఫ్లెక్సీ మాత్రం ఇప్పుడే దిగాలె. మీ సార్‌ను బయటికి రమ్మను, ఎంతసేపుంటడు లోపల."

ఎండలో నిచ్చెన ఎక్కింది నేను. తాడు విప్పగానే గాలికి ఫ్లెక్సీ వచ్చి నన్ను చుట్టేసింది. ఆవిడ బుగ్గలో చిక్కుకుని బయటికి దారి తెలియక నేను గింజుకుంటుంటే, కింద నిచ్చెన పట్టుకున్న డైరెక్టర్ సార్ "చిరగకుండా తియ్యవయ్యా, వెనక వైపు వాడుకోవచ్చు" అంటున్నాడు. బస్సుల కిటికీల్లోంచి జనం తలలు బయటపెట్టి చూశారు. నిచ్చెన రెండో కాలు పట్టుకున్న జర్మనీ అక్క ఆ రోజుకి మొదటిసారి నవ్వింది.

మర్నాడు, నోరు ఆగనివాడు కౌన్సిలింగ్‌కి పనికిరాడని నన్ను పంపేశారు. అంచు చిరిగిన ఆ ఫ్లెక్సీ మాత్రం నా వెంట ఇంటికొచ్చింది. అమ్మ దాన్ని డాబా మీద పరిచి వడియాలు పెట్టింది. నుదుటి మీద, ముక్కు మీద, ఎక్కడా ఖాళీ లేకుండా. జర్మనీ అక్క వచ్చి చూసి నిర్ఘాంతపోయి, ఆనక గొడుగు వేసుకుని పక్కనే కూర్చుని కాకుల్ని తోలడం మొదలుపెట్టింది. కాసేపటికి ఏదో అనుమానం వచ్చినట్టు నా వైపు తిరిగింది.

"ఇది ఉద్యోగం కిందికి వస్తుందా?"

ఉద్యోగం పోయి రెండు పూటలు కూడా కాని అప్పటి నాలోని కుర్రాడు, గంభీరంగా గడ్డం నిమురుకుని, ఆలోచించి, "జీతం లేదు కాబట్టి రాదు" అని తీర్పు చెప్పాడు. ఆవిడ నమ్మకంగా తలూపి మళ్ళీ కాకుల మీదికి చెయ్యి విసిరింది. వాడిచ్చిన వీసా సలహాల్లో చివరిది అదే. అంత ధీమాగా నేను తర్వాత ఎవరికీ, దేని గురించీ చెప్పలేకపోయాను.